షటిల్ మొదలుపెట్టాక మావాడి తిండి డబులైంది, ఆట మానిపించాలా?

బెజవాడ నాన్న:
మావాడికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. టెన్త్ సెలవుల్లో బాగా ఒళ్లు చేశాడని జూన్‌లో షటిల్‌కి పంపడం మొదలుపెట్టాం. తెల్లవారి ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఆడి, వచ్చి స్నానం చేసి 7:10కి కాలేజీ బస్సు ఎక్కాలి. టిఫిన్ పెడితే "ఇప్పుడు తినబుద్ధి కావట్లేదమ్మా" అని ఒక ఇడ్లీ కెలికి లేచిపోతాడు, మధ్యాహ్నం బాక్సు సగం అలాగే వెనక్కి వస్తుంది. సాయంత్రం మాత్రం సందు చివర బండి దగ్గర రెండు ప్లేట్ల పునుగులు, ఎగ్ నూడుల్స్, ఆ పైన ఒక ఎనర్జీ డ్రింక్, మళ్లీ రాత్రి పదింటికి అన్నం. ఏమిట్రా ఇది అంటే "పొద్దున ఆడాను కదా నాన్నా" అంటాడు. మూడు నెలల్లో 76 కిలోల నుంచి 78కి వచ్చాడు. ఆట వల్లే ఆకలి పెరుగుతుంటే ఇక ఆడించి లాభమేంటి, ఆ గంట చదువుకోమందామా అని ఇంట్లో రోజూ గొడవ.

పీఈటీ మాస్టారు:
మానిపించకండి సార్. 22 ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల్ని ఆడిస్తున్నాను, మీరు చెప్పింది కొత్తేం కాదు. రొప్పేలా ఆడినప్పుడు వెంటనే ఆకలి తెలియదు, గంటో గంటన్నరో ఆగి అప్పుడు పట్టుకుంటుంది. మీవాడికి అది పట్టుకునే వేళకి వాడు క్లాసులో ఉంటాడు, అక్కడ తినడానికి ఏమీ ఉండదు, చచ్చిన ఆకలి మధ్యాహ్నానికి కూడా సరిగ్గా లేవదు, ఆ బాకీ అంతా సాయంత్రం బండి దగ్గర తీర్చుకుంటున్నాడు. ఆరున్నరకి ఇడ్లీ తినమని పోరకండి. ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపి, తొమ్మిది గంటల బ్రేక్‌లో తినడానికి చిన్న డబ్బా కట్టండి.

మా కబడ్డీ అమ్మాయిల్లో ఒకమ్మాయి ప్రాక్టీసులో రైడ్‌కి వెళ్లి గీత దగ్గరే కూలబడింది. అడిగితే పొద్దున టీ, రెండు బిస్కెట్లు. అప్పటి నుంచి ప్రాక్టీసు అయిపోగానే స్టీలు గిన్నెలో శనగ గుగ్గిళ్లు, తలా ఒక బెల్లం ముక్క పెడుతున్నాం. నేను ఒక్క మాట చెప్పకుండానే గేటు ఎదురు కొట్లో చిప్స్ ప్యాకెట్లు కొనడం చాలామంది తగ్గించారు. అందరూ అని చెప్పను, ఒకడు గుగ్గిళ్లూ తింటాడు, చిప్సూ తింటాడు.

జిమ్ బాయ్ 07:
వే ప్రొటీన్ పెట్టండి అంకుల్, సెట్ అయిపోతుంది 💪

వరంగల్ డైటీషియన్:
పైన తమ్ముడికి: ఆ వయసు అబ్బాయికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క రోజుకి సుమారు 55 గ్రాముల ప్రొటీన్. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పాలు, పెరుగు, అన్నంతో దాదాపు అక్కడికి చేరుకోవచ్చు. డబ్బా పొడి అక్కర్లేదు.

అన్నయ్యా, మీ అబ్బాయి బరువుకి గంట షటిల్ అంటే 350 నుంచి 400 కేలరీలు. బండి మీద నూనె పోసి వేయించిన నూడుల్స్ ఒక్క ప్లేటుకే అది చెల్లు, పునుగులు ఇంకా లెక్కలోకే రాలేదు. అలాగని ఆకలిని తప్పు పట్టకండి. ఆడే, ఎదిగే కుర్రాడికి అదే సంస్థ లెక్క ప్రకారం రోజుకి మూడు వేల పైచిలుకు కేలరీలు కావాలి, చాలా ఇళ్లల్లో నాన్న తినేదానికంటే ఎక్కువ. ఇంతకీ ఎత్తు కొలిచారా? ఈ వయసులో కాటా ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆ డ్రింక్ మాత్రం ఆపించండి, సీసా తిప్పి చూస్తే పిల్లలకు తగదని చిన్న అక్షరాల్లో వాళ్లే రాసి ఉంటారు, కెఫీన్ దెబ్బకి రాత్రి నిద్ర కూడా పోతుంది.

మాస్టారూ, ఆ కూలబడిన అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో వందకి 59 మందికి రక్తహీనత ఉంది. గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండండి, ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ మాత్రం దాంతో పాటు వద్దు.

పీఈటీ మాస్టారు:
చేయించాం మేడమ్, 9 లోపే వచ్చింది. మాత్రలు వాడుతోంది.

సెకండియర్ పిల్ల:
అంకుల్, నాది రివర్స్ కేసు. పోయినేడు సన్నబడాలని రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, రాత్రికి ఒక్క చపాతీతో సరిపెట్టేదాన్ని. అందరూ మెచ్చుకుంటుంటే ఇంకా తగ్గించా. మూడు నెలలు పీరియడ్స్ రాలేదు, పరుగు మానేశానా అంటే అదీ లేదు, అమ్మకి చెప్పలేదు కూడా. చివరికి డాక్టరమ్మ పరుగు సంగతి తర్వాత, ముందు అన్నం తిను అని తిట్టింది. మీరు "ఎంత తిన్నావు, ఎంత తగ్గావు" అని రోజూ అడక్కండి ప్లీజ్, అది బుర్రలో ఉండిపోతుంది.

బెజవాడ నాన్న:
అందరికీ థాంక్స్. అమ్మా, రోజూ కాటా ఎక్కించేది నేనే, ఇవాళ దాన్ని అటక మీద పెట్టేశాను. ఎత్తు కొలిస్తే మార్చిలో స్కూల్లో రాసినదానికంటే మూడు సెంటీమీటర్లు పెరిగాడు, ఇన్నాళ్లూ ప్యాంట్లు పొట్టవుతున్నాయని విసుక్కున్నామే గానీ ఆ ఆలోచనే రాలేదు. నిన్నటి నుంచి డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు, పల్లీ చిక్కి కడుతున్నాం. ఖాళీగా వచ్చింది. వీడు తిన్నాడో, పక్క బెంచీవాడు తిన్నాడో తెలీదు గానీ సాయంత్రం పునుగులు ఒక్క ప్లేటే అయ్యాయి.