ఇళ్ల మధ్య పబ్బుల్లో రాత్రి పది తర్వాత మ్యూజిక్ ఆపాల్సిందేనా?

శేషగిరి_జూబ్లీహిల్స్:
2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పబ్బుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మ్యూజిక్ పెట్టకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత డివిజన్ బెంచ్ దాన్ని జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకు పరిమితం చేసింది. ఊరంతా అమలు కావాలన్నది నా వాదన. మా ఇంటి వెనకాల ఒక పబ్బు ఉంది. మా అమ్మ మంచం మీద ఉంది. అక్కడ పాటలో బేస్, అంటే ఆ లోతైన దడదడ శబ్దం, మోగినప్పుడల్లా ఆవిడ గదిలో కిటికీ అద్దాలు అదురుతాయి. 100కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వస్తుంది. అది వచ్చేసరికి సౌండ్ తగ్గుతుంది, వెళ్లగానే మళ్లీ మొదలు.

తపతి:
సౌండ్ బయటికి రాకూడదంటే ఒప్పుకుంటాను. అసలు పెట్టొద్దంటే ఒప్పుకోను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పది తర్వాత లౌడ్‌స్పీకర్ వద్దంటూనే ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి మూసి ఉన్న చోట్లకు మినహాయింపు ఇచ్చాయి. ఫంక్షన్ హాల్లో మోగే పాట పబ్బులో ఎందుకు ఆగాలి? మా వీధిలో బరాత్ వెళ్తే అర్ధరాత్రి దాకా డీజే బండి కదలదు. దాని మీద పిటిషన్ వేసినవాళ్లు నాకు కనపడలేదు.

కూకట్‌పల్లి_కిరణ్:
బరాత్ ఎప్పుడో ఒకరోజు. పబ్బు రోజూ.

సౌండ్_వాసు:
ఇద్దరూ అసలు లెక్క వదిలేశారు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. కానీ అది డీబీ-ఏ లెక్క, అంటే మన చెవికి వినపడే తీరుకు తగ్గట్టు సర్దిన కొలత. ఏ-వెయిటింగ్ అనే ఈ సర్దుబాటు 63 హెర్ట్జ్ లాంటి లోతైన శబ్దం దగ్గర 26 డెసిబెల్స్ దాకా కోసేస్తుంది. బేస్ మోగించే స్పీకర్, సబ్‌ఊఫర్, పని చేసేదే ఆ చుట్టుపక్కల. అందుకే మీటర్‌లో పరిమితి దాటకపోయినా కిటికీలు అదురుతాయి. బేస్‌ని అంతగా కోయని సీ-వెయిటింగ్‌లో కొలిస్తే నిజం తెలుస్తుంది. నియమం అక్కడ మారాలి, టైమింగ్‌లో కాదు.

శేషగిరి_జూబ్లీహిల్స్:
వాసు గారూ, ఏ అయినా సీ అయినా అమ్మకి నిద్ర లేదు. పబ్బువాళ్లని అడిగితే గోడలకు ఫోమ్ వేయించామన్నారు. ఏమీ తగ్గలేదు.

సౌండ్_వాసు:
తగ్గదు కూడా. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది కానీ బేస్‌ని ఆపలేదు. బరువైన గోడ, రెండు పొరల మధ్య ఖాళీ, స్పీకర్ల కింద కంపనాన్ని మింగే రబ్బరు ఉండాలి. రూఫ్‌టాప్ అయితే ఇవేవీ కుదరవు, అక్కడ సబ్‌ఊఫర్ పెట్టనివ్వకపోవడమే దారి. ఇంకో మాట, ఫోమ్ అంటే నాకు భయం. 2003లో అమెరికాలో రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు. స్టేజి మీద కాల్చిన బాణసంచా నిప్పు గోడల ఫోమ్‌కి అంటుకుంది. చుట్టుపక్కల వాళ్ల ఫిర్యాదుల వల్లే ఆ ఫోమ్ అంటించారు. సౌండ్ ఆపడానికి చవకగా ఏదో ఒకటి అంటించేస్తే మనుషులు పోతారు.

పద్మజ_లండన్:
ఇంగ్లండ్‌లో 2018 నుంచి జాతీయ ప్లానింగ్ విధానంలోనే ఒక సూత్రం ఉంది. క్లబ్బు ముందే ఉండి, పక్కన తర్వాత ఫ్లాట్లు కడితే, లోపలికి సౌండ్ రాకుండా చూసుకోవాల్సింది ఆ బిల్డరే. తర్వాత వచ్చినవాళ్లదే బాధ్యత. జూబ్లీహిల్స్‌లో ముందు వచ్చింది ఇళ్లు. ఆ లెక్కన ఖర్చు పబ్బులే పెట్టుకోవాలి.

తపతి:
పద్మజ గారూ, ఖర్చు పెట్టించండి, కాదనను. కానీ పదికే ఆపేస్తే ఖర్చు పెట్టిన పబ్బుకీ పెట్టని పబ్బుకీ తేడా ఏముంటుంది? ఇక ఎవరు గోడ కడతారు?

శేషగిరి_జూబ్లీహిల్స్:
తపతి గారూ, మీరు గోడల దగ్గరే ఆగిపోతున్నారు. 2022 ఏప్రిల్‌లో బంజారాహిల్స్‌లో ఒక హోటల్ పబ్బు మీద తెల్లవారుజామున పోలీసులు దాడి చేస్తే కొకైన్ దొరికింది. అక్కడున్న నూరు మందికి పైగా జనాన్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఆ వేళప్పుడు మంచి ఇంటి ఆడపిల్లలకు అక్కడ ఏం పని? సౌండ్ లేకపోయినా ఈ పబ్బులు మా వీధుల్లో వద్దు.

తపతి:
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. డెసిబెల్స్ అంటూ మొదలుపెట్టి ఆడపిల్లల దగ్గరికి వచ్చారు.

ముంబైలో 2005లో నీతి పేరు చెప్పే డాన్స్ బార్లు మూయించారు. ఆ చట్టమే త్రీస్టార్, అంతకు పైన హోటళ్లకు మినహాయింపు ఇచ్చింది. డబ్బున్నవాళ్ల చోట అదే డాన్సు తప్పు కాలేదు. బాంబే హైకోర్టు 2006లో దాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. మధ్యలో పని పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి నీతి చెప్పినవాళ్లు పట్టించుకోలేదు.

నా సంగతి చెప్తాను. మా అక్క పెళ్లి సంగీత్‌లో నేను డాన్స్ చేస్తే ఎవరో వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టారు. ఇంట్లో నెలల తరబడి అదే గొడవ. పబ్బులో నన్ను ఎరిగినవాళ్లు ఉండరు. ఎవడైనా మీద పడితే బౌన్సర్ బయటికి పంపిస్తాడు. ఈ ఊళ్లో నేను భయం లేకుండా డాన్స్ చేయగలిగే చోటు అదొక్కటే. దాన్ని పదికి మూసేయమంటున్నారు. నేను ఆఫీసు నుంచి బయటపడేదే తొమ్మిదికి.

అమీర్‌పేట_రవి:
ఇళ్ల మధ్య లైసెన్సు ఇచ్చిన ఎక్సైజ్‌ వాళ్లని అడగండి. మీలో మీరు కొట్టుకుంటే ఏం లాభం?

ఫ్లోర్_స్టాఫ్:
నేను పబ్బులో పని చేస్తాను. మ్యూజిక్ ఆగితే జనం లేచి వెళ్లిపోతారు. జీతం తక్కువ, టిప్స్ మీదే ఇల్లు గడుస్తుంది. అవన్నీ వచ్చేది పది తర్వాతే. మాలో చాలామంది చెవుల్లో హోరు అని చెప్తారు, ఇయర్ ప్లగ్స్ ఇచ్చిన యజమాని లేడు. వాసు అన్నా, బయటి సౌండ్ కొలిచేటప్పుడు లోపలిది కూడా కొలవమని చెప్పు.

శేషగిరి_జూబ్లీహిల్స్:
తపతి గారూ, మీరు నన్ను నీతులు చెప్పే ముసలివాణ్ని చేశారు. మా వరసలో ఇళ్లు ఒక్కొక్కటీ లీజుకి పోయాయి. ఒక రాత్రి అమ్మకి ఊపిరి ఆడలేదు. సాయానికి పిలుద్దామంటే పక్కన మనుషులు ఉండే ఇల్లే లేదు. పబ్బుకి వచ్చినవాళ్ల కార్లు పార్క్ చేసే వ్యాలే కుర్రాళ్లు మా గేటుకి అడ్డంగా కారు పెట్టి తాళాలతో వెళ్లిపోయారు. అంబులెన్స్ వీధి మొదట్లో ఆగింది, స్ట్రెచర్ నడిపించుకుంటూ వెళ్లాం. పదికి ఆపేస్తే లాభం లేక వాళ్లే వెళ్లిపోతారు, మళ్లీ ఇళ్లు వస్తాయి. నాకు కావలసింది అదే.

తపతి:
మీ అమ్మగారి విషయం చదివి చాలా బాధేసింది. గేటు అడ్డం, పార్కింగ్, ఇళ్ల వరసలో కొత్త లైసెన్సులు ఇవ్వకపోవడం, వీటి మీద పిటిషన్ రాయండి, మొదటి సంతకం నాది. మా ఫ్రెండ్స్ చేత కూడా పెట్టిస్తాను. ‘మంచి ఇంటి ఆడపిల్లలు’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

శేషగిరి_జూబ్లీహిల్స్:
తీసుకోనమ్మా. మా మనవరాలికీ అదే చెప్తాను.

తపతి:
అయితే మీ పిటిషన్ మీది, నా పిటిషన్ నాది. పార్కింగ్ మీద నేను విడిగా వేస్తాను.

సౌండ్_వాసు:
రెండింట్లోనూ సీ-వెయిటింగ్ కొలత అడగండి. శేషగిరి గారూ, ఒప్పుకుంటే శనివారం రాత్రి మీటర్ తీసుకుని వస్తాను. అమ్మగారి గదిలో, కిటికీలు మూసి కొలుద్దాం.