మడమ మీది పాత మెలనోమాకూ అండాశయంలోని గడ్డకూ సంబంధం ఉంటుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా అమ్మకు 56 ఏళ్లు. ఎడమ మడమ మీది నల్లమచ్చ పుండై ఎంతకీ మానకపోతే, 6 ఏళ్ల క్రితం బరంపురంలో కోసి తీసి, ముక్క పరీక్షలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరు) అని తేల్చారు. ఇప్పుడు కడుపు ఉబ్బుతోందని స్కానింగు చేయిస్తే కుడి అండాశయంలో 12 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. అండాశయ క్యాన్సరు అనుమానం ఉంటే చేసే సీఏ-125 రక్తపరీక్షలో అంకె కొద్దిగానే పెరిగింది. అండాశయ క్యాన్సరే అయివుంటుందని ఆపరేషనుకు రాశారు. మడమ సంగతి వారు అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పవలసిందేనా?

జవాబు (రాయగడ, పాథాలజీ విభాగంలో పనిచేస్తున్నాను):
తప్పకుండా చెప్పండమ్మా, రేపటిదాకా ఆగవద్దు. మెలనోమా అండాశయానికి పాకడం అరుదే గాని, చర్మం మీది మచ్చ తీసేసిన ఎన్నో ఏళ్లకు కూడా అలా బయటపడవచ్చు. స్కానింగులో అది అండాశయంలోనే పుట్టిన గడ్డలా కనిపిస్తుంది. సీఏ-125 ఈ తేడాను తేల్చలేదు. సూక్ష్మదర్శిని కింద నల్లని మెలనిన్ రేణువులు కనబడితే అనుమానం వెంటనే వస్తుంది. అవి లేని మెలనోమా మాత్రం అండాశయంలోనే పుట్టే గ్రాన్యులోసా కణాల గడ్డలా కనిపించి, అనుభవజ్ఞులను కూడా పొరబాటు పడేలా చేస్తుంది. అప్పుడు మెలనోమా కణాలను పట్టించే ఎస్-100, సాక్స్-10, హెచ్‌ఎంబీ-45 రంగు పరీక్షలు కలిపి చూడాలి. అలాంటిదే అయిన మెలన్-ఏ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు, ఎందుకంటే అండాశయంలో హార్మోన్లు తయారుచేసే స్టిరాయిడ్ కణాల గడ్డల్లోనూ దానికి రంగు పడుతుంది. అయితే అనుమానం కలిగితేనే ఈ పరీక్షలు అడుగుతాం. అందుకే ముక్కతో పంపే కాగితం మీద "మడమ మెలనోమా, 6 ఏళ్ల క్రితం" అని డాక్టరుగారి చేత రాయించండి. పాత ముక్కను పోసి ఉంచిన మైనపు దిమ్మె దొరికితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

జవాబు (జయపురం నుంచి):
మా వదిన విషయంలో, ఆమెకున్న పాత మెలనోమా సంగతి ఆ కాగితం మీద ఎవరూ రాయలేదు. మొదటి రిపోర్టు గ్రాన్యులోసా గడ్డ అంది. దిమ్మెలు మరోచోట చూపించి మెలనోమా అని తెలుసుకునేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. ఆపరేషనుకు ముందే ఎడమ గజ్జలో బిళ్లలు ఉన్నాయేమో చూడమనండి, ఊపిరితిత్తులకూ మెదడుకూ స్కానింగు అవసరమా అని అడగండి. మెలనోమాయే అయితే బీరాఫ్, కిట్ జన్యు పరీక్షల సంగతి కూడా అడగండి. అరికాలి మెలనోమాలో కిట్ మార్పు కొందరికి ఉంటుంది, మందు ఎంపిక దాన్ని బట్టి మారవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో పాత రిపోర్టు దొరికింది. దిమ్మె నంబరు చెరగకుండా ఉంది. ఈ సాయంత్రమే డాక్టరుగారికి చూపించి, సోమవారం దిమ్మె కోసం బరంపురం వెళ్తున్నాను.