కొత్త సంఘంలో కానుకల లెక్క ఎవరు చూడాలి?

ప్రశ్న:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. రెండేళ్ళ క్రితం అద్దె గదిలో 18 కుటుంబాలతో మొదలైన సంఘంలో నేనూ ఒకణ్ణి. ఆరాధన ముగియగానే కానుకల సంచిని అయ్యగారి (సంఘ కాపరి) భార్య లోపలికి తీసుకువెళతారు. అందులో ఎంత వచ్చిందో, గది అద్దెకు ఎంత పోయిందో మాకెవరికీ తెలియదు. ఆయన నిజాయితీపై నాకు అనుమానం లేదు. అయినా, అడిగితే నొచ్చుకుంటారేమోనన్న సంకోచంతో ఆగిపోతున్నాను.

జవాబు 1:
సహోదరుడా, యెరూషలేములోని పరిశుద్ధుల (అంటే అక్కడి విశ్వాసుల) కోసం పోగైన చందా విషయంలో అపొస్తలుడైన పౌలు తానొక్కడే బాధ్యత తీసుకోలేదు. తనపై ఎవరూ తప్పు మోపకుండా, సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంట ఉంచుకున్న సంగతి బైబిలులో 2 కొరింథీయులకు 8:19-21లో ఉంది. ఆ వచనాలు చూపి, అయ్యగారితో విడిగా మాట్లాడండి. పదిమందిలో మాత్రం వద్దు.

జవాబు 2:
మా దగ్గర ఇద్దరు, అదీ ఒకే ఇంటివారు కాకుండా, చాప మీదే సంచి గుమ్మరించి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు చేస్తారు. చిల్లర ఎక్కువ కనుక పావుగంట పడుతుంది. స్త్రీలు తెచ్చే పిడికెడు బియ్యం కూడా కొలిచి రాస్తాం.

జవాబు 3:
మీది ఆంధ్రప్రదేశ్ అయితే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకుని, సంఘం పేరిటే బ్యాంకు ఖాతా తెరవవచ్చు. స్థలం కొనే ఆలోచన ఉంటే ఆ పని ముందే చేయండి. కాపరి సొంత పేరున రాయించిన స్థలం ఆయన తదనంతరం వారసుల చేతికి వెళ్ళే చిక్కు ఉంది.