ఫాఫ్సా వెరిఫికేషన్‌కి సెలెక్ట్ చేశారు, ఏం పంపాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

సెకండ్‌ఇయర్_అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ అమెరికాలోనే పుట్టాను కాబట్టి సిటిజన్‌ని. అమ్మానాన్నలు హెచ్-1బి, హెచ్-4 వీసాల మీద ఉన్నారు. 2025-26 ఫాఫ్సా (కాలేజీ చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) మార్చిలోనే సబ్మిట్ చేశాం. నిన్న కాలేజీ పోర్టల్ తెరిస్తే వెరిఫికేషన్‌కి సెలెక్ట్ అయ్యారని ఉంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసి సంతకాలు పెట్టే ఫారం, నాన్న 2023 ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ (రిటర్న్ వివరాలతో పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే కాగితం), ఒక 1099-ఆర్ (రిటైర్మెంట్ ఖాతా నుంచి డబ్బు బయటికి వెళ్తే వచ్చే ఫారం) అడుగుతున్నారు. ఫీజు గడువు ఆగస్టు 8. "మనం ఏం తప్పు చేశాం?" అంటూ నాన్న రాత్రంతా నిద్రపోలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇద్దరు_ఆడపిల్లల_నాన్న:
ముందు మీ నాన్నగారికి చెప్పమ్మా, వెరిఫికేషన్ అంటే నేరం మోపడం కాదు. మీరు ఇచ్చిన లెక్కలు నిజమేనా అని కాలేజీ చూసుకోవడం, అంతే. మా పెద్దదానికి రెండేళ్లు వరసగా వచ్చింది.

1099-ఆర్ అడిగారంటే నాకు ఒకటే తోస్తోంది. 2023లో మీ నాన్నగారు ఉద్యోగం మారారా? పాత కంపెనీ 401కే (ఉద్యోగం ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా) డబ్బును కొత్తదానికో, ఐఆర్ఏకో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) మార్చారా?

సెకండ్‌ఇయర్_అమ్మాయి:
అవును అంకుల్! 2023 మేలో మారారు. 401కే మొత్తం ఐఆర్ఏలోకి వెళ్లింది.

ఇద్దరు_ఆడపిల్లల_నాన్న:
అయితే చిక్కు అక్కడే ఉండొచ్చు. మన ఐటీ వాళ్ల ఇళ్లలో ఇది తరచుగా జరిగేదే. మీ నాన్నగారి 1040 (ట్యాక్స్ రిటర్న్ ఫారం) తీసి 5ఏ, 5బి లైన్లు చూడు. 5ఏలో పెద్ద మొత్తం, 5బిలో సున్నా ఉంటే ఆ తేడాను ఫాఫ్సా పన్ను పడని ఆదాయంగా లెక్కేస్తుంది. ఐఆర్ఎస్ నుంచి వివరాలు నేరుగా వచ్చేస్తాయి కానీ, అది రోల్‌ఓవర్ (ఒక రిటైర్మెంట్ ఖాతా నుంచి ఇంకోదానికి మార్చడం) అన్న సంగతి మనమే విడిగా రాయాలి. మేం ఆ ప్రశ్న ఖాళీగా వదిలేశాం. చేతికి రూపాయి రాకపోయినా ఆ ఏడాది మాకు అదనంగా అంత ఆదాయం వచ్చినట్టు లెక్క తేలింది, ఎస్ఏఐ (సాయం ఎంత ఇవ్వాలో తేల్చడానికి కాలేజీ చూసే అంకె, అది పెరిగితే సాయం తగ్గుతుంది) అమాంతం పెరిగిపోయింది.

1099-ఆర్‌లో 7వ బాక్సు చూడు. అక్కడ 'జి' అని ఉంటే డైరెక్ట్ రోల్‌ఓవర్. ఆ కాపీతో పాటు, ఎంత మొత్తం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో రెండు వాక్యాలు రాసి, నాన్నగారితో సంతకం పెట్టించి పంపండి. దిద్దుబాటు కాలేజీ వాళ్లే చేస్తామంటారేమో ముందు కనుక్కో, నీ అంతట నువ్వు ఫాఫ్సా మార్చకు.

ఎయిడ్ఆఫీస్_మాజీ:
చెల్లీ, నేను రెండేళ్లు కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసులో స్టూడెంట్ వర్కర్‌గా చేశాను. ట్రాన్‌స్క్రిప్ట్ గురించి చెప్తాను. ఆన్‌లైన్‌లో అయితే ఐఆర్ఎస్ అకౌంట్ నుంచి అప్పటికప్పుడు వస్తుంది. పోస్టులో అడిగితే 5 నుంచి 10 రోజులు పడుతుంది, అదీ ఐఆర్ఎస్ దగ్గర ఉన్న అడ్రసుకే. ఇల్లు మారినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇంకో సంగతి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో పూర్తి పేరు ఉండదు, ఇంటిపేరులో మొదటి నాలుగు అక్షరాలు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్)లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అది ఎవరి ఫైలుదో తెలియక పక్కన పడి ఉండటం నేను కళ్లారా చూశాను. తీసేటప్పుడు 'కస్టమర్ ఫైల్ నంబర్' అనే గడిలో నీ స్టూడెంట్ ఐడీ వేయించు. అసలు ట్రాన్‌స్క్రిప్ట్ దొరక్కపోతే, సంతకం చేసిన 1040ని షెడ్యూళ్లతో (దానికి జతచేసే ఫారాలతో) సహా తీసుకుంటారేమో అడుగు. సాధారణంగా తీసుకుంటారు.

పాత_విద్యార్థి:
నేనైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు అన్నీ ఒకేసారి అప్‌లోడ్ చేసేశాను. మళ్లీ మళ్లీ అడగకుండా ఉంటారని.

ఎయిడ్ఆఫీస్_మాజీ:
అలా మాత్రం చేయొద్దు బ్రదర్. అడగని కాగితంలో ఒక అంకె తేడాగా కనిపించినా ఆఫీసు దాన్ని తేల్చకుండా వదిలేయడానికి రూల్స్ ఒప్పుకోవు. పని ఇంకా ఆలస్యమవుతుంది. అడిగినవే, స్పష్టంగా స్కాన్ చేసి, పేజీలు వదలకుండా పంపండి.

నానమ్మ_మాతోనే:
ఇంట్లోవాళ్ల ఫారం గురించి ఒక మాట. మా నానమ్మ గ్రీన్ కార్డు మీద మాతోనే ఉంటుంది. ఆవిడ ఖర్చులో సగం కన్నా ఎక్కువ మా నాన్నే భరిస్తారు, ఇకముందు కూడా భరిస్తారు కాబట్టి లెక్కలో చేర్చాం. ఆవిడ వయసు, బంధం రాశాం, ఎవరూ అభ్యంతరపెట్టలేదు. చుట్టంచూపుగా వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లేవాళ్లను మాత్రం రాయొద్దు. అమ్మానాన్నల్లో ఒకరి సంతకం, నీ సంతకం రెండూ ఉన్నాయో లేదో చూసుకో. నా ఫారం అందుకే ఒకసారి వెనక్కి వచ్చింది.

కమ్యూనిటీకాలేజీ_తమ్ముడు:
నాకు ట్యాక్స్ కాగితాలేమీ అడగలేదు, వీ4 (గుర్తింపు నిరూపించుకునే రకం వెరిఫికేషన్) వచ్చింది. ఫొటో ఐడీతో ఆఫీసుకి వెళ్లి, వాళ్ల ముందే, సాయం చదువుకే వాడతానన్న స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాను. వెళ్లలేనివాళ్లు నోటరీ దగ్గర చేయించొచ్చు. ముందే ఇంట్లో సంతకం పెట్టేసి తీసుకెళ్తే చెల్లదు.

అక్కా, ఫీజు గడువు గురించి ఇవాళే ఆఫీసుకి ఫోన్ చెయ్. కాగితాలు పరిశీలనలో ఉన్నాయని చెప్పి, క్లాసుల నుంచి పేరు తీసేయకుండా గడువు పెంచమని అడుగు. నాకు మూడు వారాలు పెంచారు. ఎవరితో మాట్లాడావో, ఏ రోజో రాసి పెట్టుకో.

సెకండ్‌ఇయర్_అమ్మాయి:
పన్నెండు రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. అంకుల్ చెప్పినట్టే 5బిలో సున్నా, 7వ బాక్సులో జి. 1099-ఆర్ చూపించి ఆ మాట చెప్పగానే నాన్న ముఖం తేటపడింది. కాగితాలు పంపిన ఎనిమిదో రోజుకి కాలేజీ వాళ్లే దిద్దారు. మొదటి ఆఫర్‌లో సబ్సిడైజ్డ్ లోన్ 1,200 డాలర్లే ఉండేది, ఇప్పుడు సెకండ్ ఇయర్‌కి ఇచ్చే పూర్తి 4,500 వచ్చింది. చదువుకునేటప్పుడు దాని మీద వడ్డీ పడదు కాబట్టి మాకు పెద్ద ఊరట. ఫీజు గడువు కూడా ఆగస్టు 29కి మార్చారు.

అమ్మ మీ అందరికీ థ్యాంక్స్ చెప్పమంది. మా చెల్లి వచ్చే ఏడాది కాలేజీలో చేరుతుంది. దాని ఫాఫ్సాకి 2024 ట్యాక్స్ చూస్తారు కదా, ఆ ఏడాది అమ్మ పేరు మీద కూడా ఏదైనా 1099-ఆర్ ఉందేమో ఇప్పుడే వెతుకుతున్నాం.