అప్‌డేట్: డీజిల్ కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించాను

టర్బో డీజిల్ కారు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) పైపుల్లో ఆయిల్ చేరుతోంది, క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) నుంచి ఆవిరి బయటికి పోయే బ్రీతర్ పైపుని గాలిలోకి వదిలేయాలా, ఆ ఆవిరిలోని ఆయిల్‌ని పట్టి ఆపే డబ్బా, అంటే క్యాచ్ క్యాన్ పెట్టించాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చెక్ చేయించాను, అన్ని సిలిండర్లూ బాగున్నాయి. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఏ క్యాన్ పెట్టినా లాభం లేదు. గాలిలోకి వదిలే ఆలోచన మానేశాను. బ్రీతర్ నుంచి వచ్చే పొగలో ఆయిల్ ఆవిరి, కాలని ఇంధనం ఉంటాయి, సిగ్నల్ దగ్గర ఆగితే వాసన క్యాబిన్‌లోకి వస్తుంది.

బ్రీతర్‌కీ టర్బో ఇన్‌లెట్‌కీ మధ్య క్యాన్ బిగించి, తిరిగి ఇన్‌టేక్‌కే కలిపాం. లోపల బాఫిల్ (గాలి దారిని మళ్లించే అడ్డు పలక), స్టీల్ మెష్ ఉన్నదే కొనండి. ఖాళీ డబ్బాలో ఆయిల్ తుంపర సరిగా ఆగదు. పైపు కూడా ఆయిల్‌ని తట్టుకునే రబ్బరుదే వాడాలి, మామూలు కూలెంట్ హోస్ ఉబ్బి మెత్తబడుతుంది. ఒరిజినల్ కన్నా సన్నటి పైపు అసలు వద్దు, క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి సీల్స్ కారతాయి.

క్యాన్ డ్రెయిన్ చేస్తే నల్లటి పల్చటి ఆయిల్, అందులో నీటి చుక్కలు వచ్చాయి. చలికాలంలో మజ్జిగలాంటి నురగ కూడా కనిపిస్తుంది. కూలెంట్ తగ్గకపోతే టెన్షన్ అక్కర్లేదు, అది చల్లబడిన ఆవిరే.

పికప్, మైలేజీ ఏమీ మారలేదు. పైపు జాయింట్ల దగ్గర జిడ్డు మాత్రం ఆగింది. క్యాన్ నిండనివ్వకండి. నిండితే ఆయిల్ టర్బోలోకి వెళ్తుంది, డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుని అదుపు తప్పవచ్చు.