ఉడికించిన వేరుశనక్కాయల్లో ఉప్పు సాయంత్రానికి ఎక్కువైపోతోంది

మాది అమెరికాలోని జార్జియా రాష్ట్రం దక్షిణాన ఓ చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్, పక్కనే కొట్టు. ఇక్కడ ఉడికించిన వేరుశనక్కాయలు లేకపోతే బేరమే ఉండదు. అయితే మనలా గంటసేపు ఉడికించి నీళ్లు వంపేస్తే ఒప్పుకోరు. గింజ చిక్కుడు గింజంత మెత్తబడాలి, తొక్క కొరకగానే ఉప్పునీళ్లు నోట్లోకి రావాలి.

పచ్చికాయల సీజన్ అయిపోయింది కాబట్టి ఎండుకాయలు వాడుతున్నా. 2 కిలోలు రాత్రంతా నానబెట్టి, 6 లీటర్ల నీళ్లు, 250 గ్రాముల ఉప్పుతో 6 గంటలు ఉడికిస్తా. తర్వాత ఆ నీళ్లతోనే, సన్నని వేడి మీద నిదానంగా వండే కరెంటు స్లో కుక్కర్‌లో పోసి, 'వార్మ్' (చల్లారకుండా వేడిగా ఉంచే సెట్టింగ్) మీద ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా ఉంచుతా. పొద్దున చప్పగా ఉన్నాయంటారు. నాలుగింటికి వచ్చే రైతులేమో ఒక కాయ నోట్లో వేసుకుని కోక్ కోసం ఫ్రిజ్ వైపు నడుస్తారు (ఆ బేరం బాగానే ఉందనుకోండి).

ఉప్పు చివరి గంటలో వేస్తే గింజకు పట్టలేదు. నీళ్లు వంపేస్తే తొక్కలు ఎండిపోయాయి. మధ్యాహ్నం వేడినీళ్లు కలిపితే నీళ్లు చప్పబడ్డాయి, గింజలో ఉప్పు మాత్రం తగ్గలేదు.

నీళ్లలోనే ఉంచి, 12 గంటలూ ఉప్పు ఒకేలా ఉండాలంటే ఎంత ఉప్పు, ఎప్పుడు వేయాలి?