‘స్థానబల్మి’: గెలిచి కూడా తేలిపోయిన బాక్సర్‌కు ఏ పద్యం?

ప్రశ్న (కడప నుంచి): మేం నలుగురం రాత్రిళ్ళు బాక్సింగ్ చూస్తాం. ఒక్క ఓటమి కూడా లేని కుర్రాడు పది ఓటములున్న పాతకాపు మీద కిందామీదా పడి పాయింట్లతో గెలిస్తే చాలు, మావాడొకడు ‘బలవంతమైన సర్పము చలిచీమల చేత జిక్కి చావదె’ అని పెడతాడు. ఇంకొకడు వేమన మొసలి పద్యం పెడతాడు. రెండిట్లో ఏది అతుకుతుందప్పా?

జవాబు (అనంతపురం నుంచి): సుమతీ పద్యం అతకదు. దాని పైపాదంలోనే ‘పలువురితో నిగ్రహించి’ అని ఉంది. పదిమందితో పగ పెట్టుకున్నవాడికి చెప్పిన మాట అది. చీమలు వందలు, రింగులో ఎదురు నిలబడేది ఒక్కడే. పైగా అక్కడ పాము చస్తుంది. మీ కుర్రాడు గెలిచాడు కదా, ఎట్ల గెలిచినా!

వేమన పద్యం చూడండి:

నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు బట్టు
బైట కుక్కచేత భంగపడును
స్థానబల్మి గాని తన బల్మి గాదయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఇక్కడ మొసలి చావలేదు. ‘భంగపడును’ అన్నాడంతే. అంటే పరువు పోవడం. తక్కువవాడి మీద తడబడి గెలిచిన బాక్సర్‌కు జరిగేది సరిగ్గా అదే. రికార్డులో గెలుపని పడుతుంది, చూసినవాళ్ళ కళ్ళల్లో మాత్రం తేలిపోతాడు.

1963 మార్చిలో న్యూయార్క్‌లో క్యాషియస్ క్లే (తర్వాత ముహమ్మద్ అలీ) డగ్ జోన్స్‌తో ఆడాడు. జోన్స్ తక్కువ బరువు విభాగం నుంచి పైకొచ్చినవాడు. నాలుగో రౌండ్లో పడగొడతానని క్లే ముందే చాటింపు వేశాడు. పది రౌండ్లూ జరిగాయి. పాయింట్ల మీద గెలిచాడని చెప్తే జనం అరిచి గోల చేశారు. జూన్‌లో లండన్ పోతే, నాలుగో రౌండ్ చివర్లో హెన్రీ కూపర్ ఎడమచేతి హుక్కు తగిలి తాళ్ళ మీద కూలబడ్డాడు. గంట మోగబట్టి బతికాడు. కూపర్ కంటి దగ్గర చర్మం చిట్లి నెత్తురు కారడంతో అయిదో రౌండ్లో పందెం ఆపేశారు. ఇంక వీడి పని అయిపోయిందని, అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్ చేతిలో నలిగిపోతాడని అందరూ తీర్మానించారు. 1964 ఫిబ్రవరిలో పందేలు లిస్టన్ వైపు ఏడుకు ఒకటి నడిచాయి. గెలిచింది క్లే.

అట్లని ప్రతి తడబాటు వెనకా ఒక అలీ ఉంటాడనుకోవద్దు. అభిమానులు చేసే తప్పు వేరే చోట ఉంది. భంగపడిన ఆ ఒక్క రాత్రినే పట్టుకుని తీర్పు చెప్తారు. అంతకుముందు సాగిన ఇరవై గెలుపుల్ని మాత్రం ‘తన బల్మి’ ఖాతాలో వేస్తారు. నన్నడిగితే ఈ పద్యం పెట్టాల్సింది ఆ గెలుపుల కింద. సొంత ఊరు, సొంత జనం, ప్రమోటర్ ఏరి తెచ్చిన ప్రత్యర్థి. అదంతా నీళ్ళే కదా. ఊరూరా తిరిగి ఓడి డబ్బు తెచ్చుకునే పాతకాపులు ఉంటారు. ఒళ్ళు దాచుకోవడం, కౌగిలించుకుని ఊపిరి తీసుకోవడం, భుజంతో తోసి లయ చెడగొట్టడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. కుర్రాడు అట్లాంటివాడి దగ్గర ఎందుకు తడబడ్డాడో చూడాలి. ఎదుటివాడు ఎడమచేతి వాటమా? దమ్ము చాల్లేదా? మొదటి దెబ్బకే పడేవాళ్ళు అలవాటై, పడనివాడు ఎదురైతే దిక్కు తోచలేదా? నేనైతే ఈ చివరిదానికే భయపడతా.

వ్యాఖ్య (నంద్యాల నుంచి): మా పక్క బండలాగుడులో పాలపళ్ళ గిత్తల్ని, రెండు పళ్ళ గిత్తల్ని వయసును బట్టి వేరేవేరేగా కట్టేది ఇందుకే అన్నా. పై విభాగం బండ కట్టినప్పుడే దాని గుట్టు తెలిసేది.

వ్యాఖ్య (కదిరి నుంచి): ఒక సందేహం సార్. 1998లో ఉక్రెయిన్ బాక్సర్ వ్లాదిమిర్ క్లిచ్‌కో ఓడింది కీవ్‌లోనే. సొంత దేశం, సొంత జనం. ఎదుట రాస్ ప్యూరిటీ, 13 ఓటములున్నవాడు. మరి స్థానబల్మి యాడికి పోయినట్టు?

జవాబు: మంచి ప్రశ్న. నీళ్ళంటే ఊరొక్కటే కాదనుకోండి. ముందు రౌండ్లన్నీ క్లిచ్‌కో నీళ్ళే, బాగానే కొట్టాడు. చేతులు అలసిపోయాక ప్యూరిటీ ఒడ్డుకు లాగాడు. 11వ రౌండ్లో పందెం ఆగిపోయింది. ఆ రాత్రి చూసి అతన్ని కొట్టిపారేసినవాళ్ళు, 2006 నుంచి 2015 దాకా అతను హెవీవెయిట్ టైటిల్ వదలకుండా పట్టుకుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

వ్యాఖ్య (కదిరి నుంచి): సరే సార్. ఇంకోటి. కటారుపల్లి వేమన సమాధి మాకు దగ్గరే, ఈ పద్యం చిన్నప్పట్నించి వింటున్నాం. మావాళ్ళు ‘స్థానబలిమి గాని తన బలిమి’ అంటారు. తప్పా?

జవాబు: మొదటిది తప్పు కాదు, రెండోది కుదరదు. ఆటవెలది మూడో పాదంలో మొదటి మూడూ సూర్యగణాలు. ‘బల్మి’ గలం, ‘బలిమి’ నగణం, ఏదైనా పడుతుంది. నాలుగోది ఇంద్రగణం. ‘తన బల్మి’ అంటే సలం, సరిపోయింది. ‘తన బలిమి’ అంటే అయిదు లఘువులు వరసగా వస్తాయి, అట్లాంటి ఇంద్రగణం లేదు. మాటల్లో మటుకు ‘బలిమి’ అనే అనండి, ఎవరూ కాదనరు.